అభిషేక తైలం సీసా: కొన్నది, రాసినది, ఆ తర్వాత జరిగినది

మా మరదలు ఈ సీసాలు రెండు కొన్నది. ఒకటి తనకు, ఒకటి నాకు. దసరా సెలవులకు ముందు సరిహద్దుకు అవతల జరిగిన ఒక స్వస్థత సభకు మా వీధి నుంచి జీపు మాట్లాడుకుని పదిమంది వెళ్లారు. సభ ముగిశాక మైదానం గేటు దగ్గర బల్లలు వేసి అమ్మారట. సీసాలో ఉన్నది 50 మిల్లీలీటర్లు, ధర 250 రూపాయలు. లీటరు లెక్క కడితే ఐదు వేలు. అమ్మినవారి పేరు ఇక్కడ రాయను. ఇలాంటి సీసాలు ఇప్పుడు చాలామంది అమ్ముతున్నారు. ఒక పేరు రాస్తే, మిగిలినవన్నీ మంచివేనని చదివేవాళ్లు అనుకోవచ్చు.

రాస్తున్నది ఎవరో కూడా తెలియాలి. నేను ఉండేది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకున్న పర్లాకిమిడిలో. గజపతి జిల్లా కొండల్లో ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే నర్సుగా, 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మా తెలుగు బాప్టిస్టు సంఘంలో స్త్రీల ప్రార్థన కూటాన్ని నడిపించే బాధ్యత తొమ్మిదేళ్లుగా నాది. రోగి తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించడమూ తెలుసు, అదే చేత్తో నాడి చూడడమూ తెలుసు. కాబట్టి ఈ సీసాను రెండు వైపుల నుంచీ చూసే రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. గోధుమ రంగు గాజు సీసా, బంగారు రంగు మూత, లోపల చుక్కచుక్కగా పడే ప్లాస్టిక్ బిరడా. మూత గట్టిగా పడుతుంది, సంచిలో అడ్డంగా పెట్టినా కారలేదు. లేబులు ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా. అచ్చుతప్పులు లేవు. పావురం బొమ్మ కింద ‘యెరూషలేము ఒలీవ నూనెతో, మోషేకు దేవుడు ఆజ్ఞాపించిన సుగంధ ద్రవ్యాలతో’ అని ఉంది. తయారుచేసినవారి చిరునామా లేదు. తయారైన నెల లేదు. ఏమేమి కలిపారో లేదు. ఒక ఫోను నంబరు మాత్రం ఉంది. ప్యాకింగు చేసి అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, చిరునామా, పరిమాణం, నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర ఉండాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. మా వీధి చివర దుకాణంలో దొరికే చిన్న కొబ్బరినూనె సీసా మీద అవన్నీ ఉన్నాయి. దేవుని పేరుతో అమ్మే సీసా మీద మరింత జాగ్రత్తగా ఉండాలి కదా అని నాకు బాధ కలిగింది.

మోషేకు చెప్పిన ద్రవ్యాలు బైబిల్లో నిర్గమకాండము 30వ అధ్యాయంలో ఉన్నాయి. అచ్చమైన గోపరసం ఐదువందల తులాలు, సుగంధం గల లవంగిపట్ట రెండువందల ఏబది, నిమ్మగడ్డి నూనె రెండువందల ఏబది, లవంగిపట్ట ఐదువందలు, వాటికి మూడు పళ్ల (పడి అనే పాత కొలత) ఒలీవ నూనె. ఆ తూకాలు చదివి లేబులు రాసినవారు మరికొన్ని వచనాలు ముందుకు వెళ్లి ఉంటే, ఆ తైలాన్ని మామూలు మనుషుల ఒంటి మీద పోయకూడదనీ, ఆ పాళ్లతో దాని వంటిది మరొకటి చేయకూడదనీ అక్కడే కనిపించేది. అది ప్రత్యక్ష గుడారానికీ (ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం), యాజకులకూ ప్రతిష్ఠించినది. ఒకవేళ ఈ సీసాలో నిజంగా ఆ ద్రవ్యాలే ఉంటే అది ఆజ్ఞ మీరడం. లేకపోతే లేబులు అబద్ధం. దీనికి మూడో దారి నాకు కనిపించలేదు.

వాసన విషయం: మూత తీయగానే గది నిండా అత్తరు వాసన. రెండు చుక్కలు ముంజేతికి రాసుకుంటే అరగంటలో చిన్నగా ఎర్రబడింది, సాయంత్రానికి తగ్గింది. నాది పెద్దవాళ్ల చర్మం, పసిపిల్లలకు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇంట్లో అసలైన ఒలీవ నూనె కొంచెం ఉంటే రెండింటినీ చిన్న గిన్నెల్లో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. తెల్లవారేసరికి ఒలీవ నూనె మసకబారి చిక్కబడింది. సీసాలోని నూనె నీళ్లలా తేటగానే ఉంది. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు, దీన్ని పట్టుకుని ఏ నూనె అని తేల్చను. కానీ చూసిన కంటికి అనుమానం వచ్చింది, రాస్తున్నాను.

సీసాతో పాటు మడతపెట్టిన కాగితం ఒకటి ఇస్తారు. అసలు భయం అక్కడ ఉంది. నుదుటికి రాయాలట, మంచిదే. నాలుక మీద రెండు చుక్కలు, పసిపిల్లలకైతే ముక్కులో ఒక చుక్క వేయాలట. పిల్లల ముక్కులో నూనె వేయవద్దని కొండ ఊళ్లలో ఎన్ని వందల మంది తల్లులకు చెప్పానో! జారి ఊపిరితిత్తుల్లోకి పోతే ఒక రకం న్యుమోనియా వస్తుంది. దాని కింద జబ్బుల పట్టీ: చక్కెర వ్యాధి, మూర్ఛ, క్షయ, పిల్లల జ్వరాలు. మహిమ గల వస్తువులు ఈ జబ్బులు నయం చేస్తాయని ప్రకటించడాన్ని ఈ దేశంలో 1954 నాటి చట్టం నిషేధిస్తోంది. చివర ఒక వాక్యం: ‘విశ్వాసంతో వాడండి, అనుమానించేవారికి ఫలితం ఉండదు.’ ఆ కాగితం మొత్తంలో నన్ను ఎక్కువ నొప్పించిన వాక్యం అది. నయమైతే సీసా గొప్ప, నయం కాకపోతే బిడ్డ తల్లి తప్పు. అమ్మినవారి మీద ఏ భారమూ లేదు.

ఇక మా ఇంట్లో జరిగినది.

మా మరదలి అల్లుడు గుమ్మ దగ్గర ఒక పల్లెలో కిరాణా కొట్టు నడుపుతాడు. అంతా కొండలు, వాగులు. వానలు తగ్గాక దోమలు. దసరా సెలవులకు ఆరేళ్ల మనవడిని అమ్మమ్మ ఇంట్లో దిగబెట్టి వెళ్లారు. మూడో రోజున వాడికి చలితో జ్వరం వచ్చింది. మరదలు సీసా తీసింది. నుదుటికి, ఛాతీకి రాసింది, నాలుక మీద రెండు చుక్కలు వేసింది, మోకరించి ప్రార్థించింది. చెమట పట్టి జ్వరం దిగింది. వాడు లేచి అన్నం తిన్నాడు. దేవుడు విన్నాడని ఇంటిల్లిపాదీ పాట పాడుకున్నారు. మలేరియా జ్వరం అలాగే వస్తుంది, అలాగే దిగుతుంది, మళ్లీ వస్తుంది. మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చింది. మళ్లీ నూనె. మూడో రోజున వాంతులు. నాలుగో రోజు పొద్దున నేను నాలుగు వీధులు నడిచి వెళ్లేసరికి వాడు కళ్లు సగం తెరిచి పడుకుని ఉన్నాడు. పిలిస్తే వెంటనే పలకలేదు.

పక్క వీధిలో ఉండే ఆశా కార్యకర్తను పిలిపించాను. వేలి కొస గుచ్చి ఒక చుక్క రక్తం తీసింది. కిట్ మీద గీత రావడానికి పావుగంట పైగా పడుతుంది. అంత సేపు కూర్చునే ఓపిక నాకు లేక, గీత పైకి తేలుతుండగానే వాడిని దుప్పటిలో చుట్టి ఆటో ఎక్కించాను. ఫాల్సిపారం మలేరియా. మెదడుకు ఎక్కే రకం అదే. జిల్లా ఆసుపత్రిలో వెంటనే ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఇచ్చారు, పన్నెండు గంటలకు రెండోది, ఇరవై నాలుగు గంటలకు మూడోది. ఆ రాత్రి నేనూ మా మరదలూ మంచానికి చెరో పక్కన కూర్చున్నాం. ఒక్క మాటా మాట్లాడుకోలేదు. తెల్లవారుజామున వాడు ‘అమ్మమ్మా, నీళ్లు’ అన్నాడు. తర్వాత మూడు రోజుల మాత్రలు, వాడి వయసుకు ఇచ్చే ఆకుపచ్చ పట్టీ, ఒక్కటి కూడా తప్పకుండా వేయించాం. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు.

ఇక్కడ నా సంగతి చెప్పకుండా దాటలేను. ఆ సీసా మరదలింటి అలమారలో ఉండడం వారం ముందే చూశాను. కాగితం కూడా చదివాను. నా వంతు సీసా నా చేతిలో పెట్టినప్పుడు ‘ఎందుకమ్మా ఇంత ఖర్చు’ అని మాత్రం అన్నాను. ముక్కులో వేయవద్దనీ, జ్వరం వస్తే ముందు రక్త పరీక్ష చేయించమనీ చెప్పలేదు. కారణం తెలుసు. ప్రార్థన కూటం నడిపించే వదినకే విశ్వాసం లేదని అనుకుంటారేమోనని వెనకాడాను. మా సంఘంలో నా మాటకు ఒక బరువు ఉంది. అది నేను సంపాదించుకున్నది కాదు, దేవుడు ఇచ్చినది, అక్కచెల్లెళ్లు నమ్మి ఇచ్చినది. వాడవలసిన రోజున దాన్ని దాచుకున్నాను. సీసా అమ్మినవారు దేవుని ముందు ఏం జవాబు చెప్పుకుంటారో వారి సంగతి. నా జవాబు నేను చెప్పుకోవాలి. మరదలిని ఎవరూ తప్పు పట్టవద్దు, ఆమె ప్రేమతో చేసింది, ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

నాకు ప్రార్థన శక్తి మీద నమ్మకం తగ్గిందని కూడా ఎవరూ అనుకోవద్దు. నమ్మకం నేను చూసినదాని మీద నిలబడి ఉంది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు గుమ్మ కొండల్లో ఒక సవర పల్లెలో ఉన్నాను. (గిడుగు రామమూర్తిగారు మా పర్లాకిమిడిలోనే ఉండి సవర భాష నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. నాకు వచ్చిన మాటలు జ్వరం, నొప్పి, నీళ్లు, భయపడవద్దు, అంతే. వాటితోనే ముప్పై ఏళ్లు పని నడిచింది.) ఒక గర్భిణికి రాత్రి పూట రక్తస్రావం మొదలైంది. రోడ్డు దాకా పదకొండు కిలోమీటర్ల కాలిబాట. సంఘ పెద్ద వచ్చాడు, అరవై ఏళ్ల మనిషి. ఇంట్లో ఆడించిన ఇప్పనూనె చిన్న చిప్పలో తెచ్చాడు. ఆమె నుదుటికి రాసి, పొడవుగా కాదు, నాలుగు మాటల్లో ప్రార్థించాడు. చిప్ప కింద పెట్టి, డోలీ కర్ర ముందు కొస తన భుజానికి ఎత్తుకున్నాడు. వెనక ఆమె భర్త. మరో ఆరుగురు వంతులు మార్చుకున్నారు. దారి పొడవునా పాడుతూనే ఉన్నారు. వాగు దగ్గర నీళ్లు నడుము దాకా ఉన్నాయి. డోలీని తలల మీదకు ఎత్తి దాటించారు. తెల్లారి జీపు దొరికింది. సెరంగోలో కెనడా బాప్టిస్టు మిషనరీలు పెట్టిన ఆసుపత్రికి చేర్చాం. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ఆ పెద్ద మళ్లీ పదకొండు కిలోమీటర్లు నడిచి వెళ్లి, ఆదివారం ఆ తల్లి పేరు చెప్పి కృతజ్ఞత, బిడ్డ కోసం కన్నీరు, రెండూ ఒకే ప్రార్థనలో చేశాడు. పరిశుద్ధాత్మ శక్తి అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ గుర్తుకు వచ్చేది ఆ భుజం.

యేసు చెప్పిన మంచి సమరయుడి కథ సండే స్కూలు పిల్లలకు కూడా వచ్చు. దొంగలు కొట్టి దారిలో వదిలేసిన మనిషి గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోశాడు, కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంటికి చేర్చాడు, ఆ రాత్రి దగ్గర ఉండి చూసుకున్నాడు, మర్నాడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. నూనె పోయడం ఆ రాత్రికి మొదటి పని మాత్రమే. డబ్బు కూడా పోసినవాడి చేతి నుంచే వెళ్లింది, గాయపడినవాడి చేతి నుంచి రాలేదు. యాకోబు పత్రిక ఐదో అధ్యాయం కూడా చూడండి. రోగి సంఘపు పెద్దలను పిలిపించాలి, వారు నూనె రాచి ప్రార్థన చేయాలి అని ఉంది. పెద్దలు రావాలి. వచ్చినవాళ్లు బిడ్డ కళ్లు చూస్తారు, ఎన్నాళ్లుగా జ్వరమని అడుగుతారు, ఇంట్లో ఆటోకు డబ్బులు ఉన్నాయో లేవో గమనిస్తారు. సీసా ఆ పెద్దల చోటు తీసుకుంది, అడగవలసిన ఒక్క ప్రశ్నా అడగలేదు. తిమోతికి పౌలు రాసిన మాటలో శక్తి ఒక్కటే లేదు. శక్తి, ప్రేమ, ఇంద్రియ నిగ్రహం మూడూ ఒకే ఆత్మ ఇచ్చినవి. మైదానంలో అమ్మినది మొదటి మాట మాత్రమే.

వస్తువుగా నా లెక్క: ఐదు నక్షత్రాలకు ఒకటి. సీసా, మూత, అచ్చు బాగున్నందుకు ఆ ఒకటి. లోపలిది ఏమిటో తెలియదు, కాగితంలో రాసినది ప్రమాదకరం, ధర పేదవాళ్లకు మోయలేనిది. ఇప్పటికే కొన్నవాళ్లు ఉంటే పిల్లల ముక్కులో, నోట్లో, కళ్లలో వేయకండి. కొననివాళ్లు కొనకండి.

దీనికి బదులు ఏమిటని కూటంలో అక్కలు అడిగారు. పాతపట్నం గానుగలో ఆడించిన నువ్వులనూనె నేను వంటకు తెచ్చుకుంటాను. అందులో ఒక చెంచాడు చిన్న ఇత్తడి గిన్నెలో పోసి మందిరంలో ఉంచాం. ఎవరి ఇంట్లో జబ్బు చేసినా ఆ గిన్నెతో ఇద్దరం వెళ్తాం. ఒకరు ప్రార్థనలో నడిపిస్తారు. ఇంకొకరు ఆ రాత్రి రోగి దగ్గర ఉండిపోతారు, అవసరమైతే 108కు ఫోను చేస్తారు. జ్వరమైతే ముందు ఆశా కార్యకర్తకు కబురు. మన జిల్లాలో మలేరియా రక్త పరీక్షకు, మాత్రలకు పైసా తీసుకోరు, ఈ సంగతి పట్టణంలో ఉన్నవాళ్లకే సరిగా తెలియకపోవడం నన్ను ఆశ్చర్యపరిచింది. మందు వేయించి ప్రార్థిస్తే విశ్వాసం తక్కువైనట్లా అని ఒక చిన్నమ్మాయి అడిగింది. లూకా వైద్యుడనీ, ఆయన్ని ‘ప్రియుడైన వైద్యుడు’ అని పౌలే పిలిచాడనీ చెప్పాను. ఆ అమ్మాయి వెంటనే ఒప్పుకోలేదు. ఇంకా మాట్లాడుతున్నాం. రాత్రి ఉండిపోవడానికి పేర్లు ఇచ్చినవాళ్లు ఇప్పటికి ఐదుగురే. ప్రార్థనకు మాత్రం ముప్పైమంది వస్తారు. ఇది నాకు దిగులుగానే ఉంది.

ఒక పని మిగిలింది. లేబులు మీది నంబరుకు ఫోను చేశాను. తీసినది ఒక కుర్రవాడు. గొంతు మర్యాదగా ఉంది. ‘ప్రార్థన మనవి చెప్పండమ్మా’ అన్నాడు. నాకు మనవి లేదు బాబూ, ఇందులో ఏమేమి కలిపారో చెప్పమన్నాను. తెలియదన్నాడు. ఎన్ని ఫోన్లు వస్తాయని అడిగాను. రోజంతా వస్తూనే ఉంటాయట, ఎక్కువ మంది పిల్లల జ్వరం గురించే చెబుతారట. మా మనవడి సంగతి మొత్తం చెప్పాను. అవతల కొంచెం సేపు మాట రాలేదు. ‘ఇప్పుడు బాగున్నాడా అమ్మా?’ అని అడిగాడు. ఆ అడిగిన తీరు నిజంగా ఉంది. బాగున్నాడని చెప్పాను. నువ్వు ఆ కుర్చీలో ఉన్నంత కాలం వాళ్ల బిడ్డల ప్రాణాలకు నీది కూడా పూచీ అన్నాను. జ్వరమని ఎవరు ఫోను చేసినా ముందు ‘రక్త పరీక్ష అయిందా’ అని అడుగు, అయ్యాక వాళ్లతో కలిసి ప్రార్థన చెయ్యి అన్నాను. కాగితం చప్పుడు వినిపించింది. రాసుకుంటున్నానమ్మా అన్నాడు.

వచ్చే నెల మొదటి సోమవారం మళ్లీ అదే నంబరుకు ఫోను చేస్తాను. కాగితంలోని ముక్కులో చుక్క అనే మాట తీసేశారో లేదో కూడా అడుగుతాను.